టార్చ్ వెలిగించే ముందు

మా రోజుల్లో విరిగిన పార్టు షెడ్డుకు వస్తే, ముందు చేతిలోకి తీసుకుని బరువు చూసేవాళ్ళం. ఇప్పుడు ముట్టుకోకుండానే "అతకదండీ, కొత్తది వేయించుకోండి" అనేస్తున్నారు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని డోర్ హ్యాండిల్ కొత్తది ఎక్కణ్ణుంచి తెచ్చుకోమంటారు? కొత్త పార్టు మీద కమిషన్ ఉంటుంది, అతుకు మీద ఏముంటుంది? అదీ సంగతి.

ఇంకొందరైతే ఏమీ చూడకుండా మంట పెట్టేస్తారు. ముక్క కాస్తా కారిపోయి బల్ల మీద ముద్దయ్యాక "మెటల్ మంచిది కాదండీ" అంటారు. మెటల్‌కేం, బ్రహ్మాండమైన మెటల్!

విజయవాడ ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ మీద బతికినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. పాత కార్ల డోర్ హ్యాండిళ్ళు, అద్దాల బ్రాకెట్లు, బానెట్ మీది బొమ్మలు, చాలా కార్బురేటర్ల బాడీలు ఇనుమూ కాదు, మేం సిల్వర్ అనే అల్యూమినియమూ కాదు. జింకు పోత. మేం మజాక్ అనేవాళ్ళం. నూటికి నాలుగు పాళ్ళు అల్యూమినియం, కాస్త రాగి, పిసరంత మెగ్నీషియం, తక్కిందంతా జింకే. 380 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ఇత్తడి కడ్డీ కరగాలంటే దాదాపు 900 కావాలి. ఆ వేడికి జింకు మరిగి ఆవిరైపోతుంది. అలాంటిదానికి ఇత్తడి బ్రేజింగ్ చేస్తామని కూర్చున్నవాళ్ళను ఈ మధ్య చూశాను. కడుపు మండిపోయింది.

మా మేస్త్రి లోహం ఏదో తేల్చుకోవడానికి ఆకురాయి పట్టనిదే టార్చ్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. జింకు సిల్వర్ కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, చేతికే తెలిసిపోతుంది. అప్పటికీ అనుమానముంటే ఒక మూల రాకి యాసిడ్ చుక్క వేసేవాళ్ళం. జింకైతే వెంటనే బుసబుసా పొంగుతుంది.

ఇక అతకడం. ఇనుము ఎర్రబడుతుంది కాబట్టి వేడి ఎంతవరకు వచ్చిందో కంటికి తెలుస్తుంది. జింకు రంగు మారదు. అలా ఉండి ఉండి ఒక్కసారిగా జారిపోతుంది. హ్యాండిల్ పైన క్రోమ్ పొర నిలబడే ఉంటుంది, లోపల మీగడ కింద పాలలా అంతా నీరై ఉంటుంది. అందుకే పగులు చుట్టూ పూత మొత్తం రాకేసి, లోతుగా గాడి తీసి, ముక్క ఆకారం చెడకుండా కింద బంకమన్ను మెత్తేవాళ్ళం. కార్బురేటర్ అయితే పెట్రోలు వాసన పోయేదాకా సబ్బునీళ్ళలో ఉడికించందే నిప్పు దగ్గరికి రానిచ్చేవాళ్ళం కాదు. అన్నిటికంటే చిన్న టిప్పు, ఎసిటిలీన్ కాస్త ఎక్కువగా ఉన్న మెత్తటి మంట. దాన్ని కూడా నిలువుగా కాదు, ఏటవాలుగా తగిలీ తగలనట్టు ఆడించాలి. కడ్డీ బజార్లో కొనేది కాదు. పనికిరాని కార్బురేటర్లను కరిగించి యాంగిల్ ఇనుము గాడిలో పోసుకున్నదే. కరిగిన చోట పైన పొర కడుతుంది. ఇనప తీగతో ఆ పొర చెదరగొడుతూ కడ్డీ కలపాలి. లేకపోతే అతికినట్టే కనిపించి రేపు ఊడుతుంది. పనయ్యాక చల్లారేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, ఓనరుగారైనా సరే.

పలచటి బొమ్మలకైతే మంట కూడా అక్కర్లేదు. శుభ్రంగా రాకిన చోట మైలుతుత్తం నీళ్ళు రుద్దితే ఎర్రగా రాగి పొర దిగుతుంది. దాని మీద తగరం, సీసం మాటు చక్కగా నిలుస్తుంది. బరువు పడే చోట మాత్రం ఇది పనికిరాదు.

అన్నీ బతుకుతాయని నేననను. బాగా పాతకాలం పోతల్లో సీసం కలిసినవి ఉండేవి. అవి లోపల్నుంచి ఉబ్బి, నెర్రెలిచ్చి, బూడిదలా రాలిపోతాయి. 1929లో అమెరికావాళ్ళు 99.99 శాతం స్వచ్ఛమైన జింకుతో పోత మొదలెట్టాకే ఆ తెగులుకు మందు దొరికింది. అలా కుళ్ళినదాన్ని ఎవరూ అతకలేరు. స్టీరింగు, బ్రేకుల జోలికి మేం అసలు వెళ్ళేవాళ్ళం కాదు. ఇంకొకటి, జింకు మండితే వచ్చే తెల్లపొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం ఖాయం. అందుకే ఆ పని ఎప్పుడూ ఆరుబయటే.

ఇప్పటి కుర్రాళ్ళ దగ్గర మేం కలలో కూడా చూడని మెషీన్లున్నాయి. వాళ్ళను తిట్టి లాభం లేదు. ముందు లోహం తెలుసుకోరా అని నేర్పాల్సింది షెడ్డు నడిపేవాళ్ళు, వాళ్ళు నేర్పడంలేదు. మీ ఇంట్లో పాత కారుంటే విరిగిన ముక్కను పారేయకండి. వెల్డర్ దగ్గరికి తీసుకెళ్ళి "ఇది ఏ లోహం?" అని అడగండి. జవాబు చెప్పకుండా టార్చ్ వెలిగిస్తే, ముక్క తీసుకుని ఇంకో షెడ్డు చూసుకోండి.