చెట్టును కొట్టి బొమ్మకు మొక్కితే ఏం లాభం?

మా రోజుల్లో హైదరాబాద్ పాతబస్తీ వడ్లాయన మొద్దు కొనే ముందు దాన్ని తట్టి చప్పుడు వినేవాడు. చేవ ఎంతుంది, పగుళ్లెక్కడ, సరిగ్గా ఆరిందా లేదా, అన్నీ చూసుకున్నాకే ఉలి పట్టేవాడు. దేవిడీల, అంటే పాత భవంతుల, టేకు స్తంభాలు, తలుపుల మీది పూలతీగలు అలా పుట్టినవే. ఇప్పుడు దేవిడీలు కూలాయి, స్తంభాలు పాతసామాను కొట్లకెక్కాయి. కొత్త ఇళ్లకు ప్లైవుడ్ తలుపులొచ్చాయి. వాటిని తట్టి వినడానికేముంది?

1968లో ఇప్పటి భవనానికి మారకముందు సాలార్‌జంగ్ మ్యూజియం దివాన్ దేవిడీలో ఉండేది. ఆ మ్యూజియంలో 19వ శతాబ్దంలో ఐరోపాలో ఒకే సైకమోర్ దుంగలో చెక్కిన జంట బొమ్మ ఉంది. ముందు ఛాతీ విరుచుకున్న దెయ్యం మెఫిస్టోఫిలిస్, వెనక అద్దంలో తలవంచుకున్న మార్గరెట్టా. ఇవాళ మనమూ అచ్చం అంతే. ముందు రంపం, వెనక ఏడుపు. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కూల్చడానికి బుల్డోజర్లు దిగితే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంటే గానీ ఆగలేదు.

కొట్టేసిన మొద్దుల్ని శిల్పాలుగా చెక్కి అడవికి నివాళి అంటున్నారు ఇప్పుడు. చెక్కండి, నేను కాదనను. పొయ్యిలో బూడిదయ్యేకన్నా బొమ్మై నాలుగు తరాలకు కనబడటం మేలే. కానీ బొమ్మలు చెక్కే నిర్మల్ నకాషీలను అడగండి. మెత్తగా, తేలిగ్గా ఉండే పొనికి కర్ర మీదే వాళ్ల విద్యంతా నిలిచింది. ఆదిలాబాద్ అడవుల్లో ఆ కర్ర కరువైపోతోంది. చెట్టే లేనప్పుడు చేతిలో ఎంత పనితనం ఉండి ఏం చేస్తారు?

నయాపూల్ దాటితే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు దాని కొమ్మలెక్కిన దాదాపు 150 మంది బతికారు. దాన్ని ఎవరూ చెక్కలేదు, ఎవరూ రంగులద్దలేదు. నరకకుండా వదిలేశారు, అంతే. ఇన్ని ప్రాణాలు నిలబెట్టిన శిల్పం ఏ మ్యూజియంలో ఉంది?

అందుకే చెక్కేవాళ్లకు ఈ పెద్దాయన మాట ఒకటే. ఏ జాతి కర్ర చెక్కితే ఆ జాతి మొక్కలు నాటండి, వేళ్లు నిలదొక్కుకునేదాకా నీళ్లు పోయండి. బొమ్మ కింద చెక్కినవాడి పేరుతోపాటు ఆ చెట్టు పేరు, అది పెరిగిన చోటు, ఎవరి కోసం కొట్టారో కూడా రాయండి. ఆ మూడూ రాయడానికి ధైర్యం లేకపోతే నివాళి అనకండి.