మోకాలికి కాదు, కుర్చీకి

2025 అక్టోబరు 1 నుంచి కొన్నాళ్లపాటు అమెరికాలో ఒరిజినల్ మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా మీద ఆధారపడ్డ పెద్దవాళ్లకు ఇల్లు లేకుండా పోయింది. గోడలున్నాయి, కప్పుంది, ఇంటిపన్నూ ఉంది. వైద్యం బిల్లు లెక్కలో మాత్రం లేకపోయింది. ఇంట్లోంచే వీడియోలో డాక్టరుకు చూపించుకోవచ్చని కోవిడ్ నాడు 2020లో ఇచ్చిన సడలింపు సెప్టెంబరు 30తో చెల్లిపోయింది. పొడిగించాల్సిన కాంగ్రెస్ బడ్జెట్ దగ్గర తగువులాడుకుని ప్రభుత్వానికే తాళం వేసింది. దాంతో పాత చట్టం నిద్రలేచింది: డాక్టరు వీడియోలో చూసినందుకు మెడికేర్ డబ్బు కట్టాలంటే, చాలా జబ్బులకు, రోగి పల్లె ప్రాంతంలోని ఆసుపత్రికో క్లినిక్కుకో పోయి కూర్చోవాలి.

దూరవైద్యానికి దూరం పోవాల్సొచ్చిందన్నమాట.

మోకాళ్లు పట్టేసిన తాతగారు ఎలాగో కారెక్కి, క్లినిక్కు చేరి, ఎదురొచ్చిన డాక్టరుకు దణ్ణం పెట్టి దాటుకుపోయి, లోపలి గదిలో తెర ముందు చతికిలబడి, ఎక్కడో ఉన్న ఇంకో డాక్టరుతో "నడవలేకపోతున్నానండీ" అని చెప్పుకోవాల్సొచ్చింది. ఆయనకు చోటిచ్చినందుకు క్లినిక్కుకు వేరే ఫీజు: 2025లో 31 డాలర్ల ఒక సెంటు. నొప్పి పెట్టే మోకాలికి కాదు, కూర్చున్న కుర్చీకి! నగరంలో ఉండే తాతగారైతే ముందు ఓ పల్లెను వెతుక్కోవాల్సొచ్చింది.

ఇల్లు చోటే కానప్పుడు అక్కడ పెరిగిన బీపీ పెరిగినట్టు కాదు. స్నానాలగదిలో జారిపడ్డా పడినట్టు కాదు. దగ్గొస్తే పొలిమేర దాటేదాకా బిగబట్టి, క్లినిక్కులో రసీదు పుచ్చుకుని దగ్గాలి. మానసిక వైద్యానికి మాత్రం ఇంటిని ఒప్పుకున్నారు. ఈ నిబంధన చదివినవాళ్లకు అవసరపడుతుందని ముందే ఊహించారు కాబోలు.

డెబ్బయిల్లో ఇక్కణ్ణుంచి వెళ్లి అక్కడి చిన్న ఊళ్లలో ప్రాక్టీసు పెట్టిన మన డాక్టర్లకూ ఇప్పుడు మెడికేర్ వయసే. వాళ్లూ అప్పుడు కుర్చీ వెతుక్కోవాల్సొచ్చింది.

ఇంక నవ్వు రావడం లేదు. ఆ ఏడాదంతా సడలింపును మూణ్నెల్లకూ ఆర్నెల్లకూ సాగదీశారే తప్ప, రోగి ఇల్లూ ఒక చోటేనని శాశ్వతంగా రాయడానికి చెయ్యి రాలేదు. కాంగ్రెస్ సభ్యులు కొట్లాడుకునే కాపిటల్ భవనంలో మాత్రం వాళ్ల కోసం డాక్టరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. తలనొప్పి వస్తే ఏ సెనేటరూ పల్లె వెతుక్కోడు. ఎనభై ఏళ్ల గుండెజబ్బు మనిషిని రోడ్డెక్కించడానికి వీళ్లకు మనసెలా ఒప్పింది? అదే మనిషి దగ్గర మెడికేర్ పార్ట్ బి ప్రీమియం కింద 2025లో నెలకు 185 డాలర్లు వసూలు చేశారు. ఆ డబ్బు తీసుకునేటప్పుడు ఆయన ఎక్కడ కూర్చున్నాడని ఎవరూ అడగలేదు.