తుండుగుడ్డ వీరుడు

వాన వెలిసిన పూట ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ పక్కనున్న స్టానేజ్ కొండ అంచుకు వెళ్తే బండలెక్కేవాళ్ళు కనపడకపోవచ్చు గానీ, బండలు తుడిచేవాడు ఒకడు తప్పకుండా కనపడతాడు. తాడూ గీడూ లేకుండా, కింద ఒక మందపాటి మెత్త పరుచుకుని, రెండు నిలువుల బండను వట్టి చేతులతో ఎక్కే బౌల్డరింగ్ ఆటకు స్టానేజ్ పేరున్న చోటు. మన తుండుగుడ్డ వీరుడు అక్కడ మునివేళ్ళ మీద నిలబడి, తలపైనున్న పట్టును, అంటే వేళ్ళతో పట్టుకునే రాతి అంచును, అదిమి అదిమి అద్దుతుంటాడు. రుద్దడు. రుద్దితే తడి పక్కకు పరుచుకుంటుందని ఆయనకు తెలుసు. ఆయన సంచీలో బూట్లకంటే బట్టలెక్కువ. ఇంట్లో స్నానానికి పనికిరాకుండా పోయిన తువ్వాలు మొదటి తడికి, కారు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ రెండో తడికి, వేలు దూరని గుంటల్లో కూరడానికి టాయిలెట్ కాగితం చుట్ట, పగుళ్ళలో దోపడానికి పాత పేపర్లు, ఆఖర్న విసరడానికి ఒక అట్టముక్క. కాస్త చేతిలో డబ్బాడే వీరుడైతే రాలిన ఆకులు ఊదే బ్యాటరీ బ్లోయరు తెస్తాడు. దాని మోతకు కొండమీది గొర్రెలన్నీ మేత మానేసి తలెత్తి చూస్తాయి. ఫోన్లో మూడు వాతావరణ యాప్‌లుంటాయి. మూడింటిలో ఎండ చెప్పినదాన్నే నమ్ముతాడు. వెంట వచ్చిన మిత్రుడు మెత్త మీద కునుకు తీస్తుంటే గంటకు పన్నెండుసార్లు ‘ఇంకో ఐదు నిమిషాలు’ అంటాడు. లెక్క ప్రకారం అందులో అబద్ధమేమీ లేదు.

నవ్వేముందు ఆయన పక్షాన చెప్పాల్సింది కొంత ఉంది. అక్కడి గ్రిట్‌స్టోన్ దాదాపు 32 కోట్ల ఏళ్ళ కిందట నదులు తెచ్చి పోసిన ఇసుకతో ఏర్పడిన గరుకు ఇసుకరాయి. దీంతో ఒకప్పుడు తిరగలిరాళ్ళు చెక్కేవారు. ఎవరూ తీసుకుపోనివి ఇప్పటికీ స్టానేజ్ కింద గడ్డిలో పడి ఉన్నాయి. ఆ గరుకు చేతికి పూర్తిగా అందేది చలికాలంలోనే. చేతికి చెమట పట్టదు, బూటు రబ్బరు జారదు. అంటే మంచి రోజులూ తడి రోజులూ ఒకే కాలంలో వస్తాయి. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. వారమంతా ఆఫీసు కుర్చీలో కూర్చున్న మనిషికి శనివారం చేతికందే వెలుతురు ఏడెనిమిది గంటలు. అందులో రెండు గంటలు తుడవడానికి ఖర్చుపెట్టాడంటే అది సోమరితనం ఎలా అవుతుంది? ఆయన కష్టంలో తప్పులేదు. తడి అంతా ఒకటేననుకోవడంలో ఉంది తప్పు. రాతి మీది తడి నాలుగు రకాలు, తుండుగుడ్డకు లొంగేది వాటిలో ఒక్కటే. మిగిలిన మూడింటితో ఆయన చేసే యుద్ధంలోనే హాస్యమూ ఉంది, నష్టమూ ఉంది.

లొంగేది పైతడి. అరచేతంత పట్టు మీద, అంటే సుమారు 100 చదరపు సెంటీమీటర్ల మేర, మిల్లీమీటరులో పదో వంతు మందాన నీళ్ళు నిలిచాయనుకుంటే మొత్తం ఒక మిల్లీలీటరు. టీ చెంచాలో ఐదో వంతు. గుడ్డ దాన్ని క్షణంలో తాగేస్తుంది, మిగిలిన చెమ్మను గాలి పట్టుకుపోతుంది. నీళ్ళు తాగని రాయైతే పని అక్కడితో సరి. ఇదే మనిషిని హైదరాబాదులో ఖాజాగూడ గుండ్ల దగ్గర నిలబెడితే ప్రయోజకుడనిపించుకుంటాడు. అది 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. స్ఫటికాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకుని, నీరు దూరే సందు దాదాపు లేకుండా ఉంటుంది. జల్లు పడి ఎండ కాస్తే తొందరగానే ఆరిపోతుంది. పగుళ్ళు కారే చోట్లూ పాచి పట్టిన చోట్లూ వదిలేస్తే అక్కడ తుండుగుడ్డది న్యాయమైన పనే. గ్రానైటు మీద నెగ్గిన ఆ పద్ధతినే ఇసుకరాయి మీదికీ తీసుకుపోవడంతో కథ అడ్డం తిరుగుతుంది.

రెండోది లోతడి. ఇసుకరాయి రేణువుల మధ్య ఖాళీలుంటాయి, వాన వాటిలోకి ఇంకుతుంది, రేణువుల్ని పట్టి ఉంచే బంధం నీటికి మెత్తబడుతుంది. 1992లో హాకిన్స్, మెక్‌కానెల్ అనే పరిశోధకులు 35 రకాల బ్రిటిష్ ఇసుకరాళ్ళను పరీక్షించి, తడిస్తే వాటి బలం 8 శాతం మొదలుకొని 78 శాతం దాకా పడిపోతుందని తేల్చారు. బంకమన్ను కలిసిన రాళ్ళు ఎక్కువ నష్టపోయాయి, క్వార్ట్జ్ నిండినవి తక్కువ. ఇలాంటి రాతిని పైపైన తుడిచి ఎక్కడం టీలో ముంచిన ఉస్మానియా బిస్కట్టును బయట తుడిచి గట్టిపడిందనుకోవడమే. తడిసిన పట్టుకైతే మనిషి భయపడి దూరంగా ఉంటాడు. తుడిచిన పట్టు పొడిగా, నమ్మకంగా కనిపిస్తుంది, ఒంటి బరువంతా దాని మీద వేయిస్తుంది. వీరుడి శ్రమ రాతిలోని బలహీనతను పోగొట్టలేదు సరికదా, దాన్ని కనపడకుండా చేసింది. ఇంగ్లండ్ దక్షిణాన హారిసన్స్ రాక్స్ లాంటి మెత్తటి ఇసుకరాయి ఉన్నచోట తడి రాయిని ముట్టుకోవద్దని పెద్దలు అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

మూడోది ఊట. వాన వెలిసి మూడు రోజులైనా, పైన బీడు నేల తాగిన నీరు పగులు వెంట దిగివచ్చి, సరిగ్గా అతి ముఖ్యమైన పట్టులోకే చేరుతుంది. ఇక్కడ వీరుడు ఇరిగేషన్ ఇంజనీరవుతాడు. పగులులో పేపరు కూరి ఆనకట్ట కడతాడు, గుంటలో టాయిలెట్ కాగితం నింపుతాడు. కాసేపటికి పేపరంతా నాని, తానే చుక్కలు రాల్చడం మొదలుపెడుతుంది. నాలుగోది మరీ గడుసుది. వారం రోజులు గడ్డకట్టే చలి తర్వాత ఒక్కసారిగా వెచ్చని పడమటి గాలి తిరిగితే, చినుకు పడకుండానే బండలన్నీ నల్లగా చెమరుస్తాయి. గాలి 10 డిగ్రీలుండి, అందులో తేమ 90 శాతమైతే, సుమారు 8 డిగ్రీలకు చల్లబడ్డ చోటల్లా ఆవిరి నీరైపోతుంది. రాయేమో ఇంకా 4 డిగ్రీల దగ్గరే ఉంది. తుడిచిన జాగాలో మళ్ళీ తడి చేరడం ఖాయం. అట్లాంటిక్ మీంచి వచ్చిన గాలినంతటినీ ఆయన ఒక్క తువ్వాలుతో తుడవబూనాడన్నమాట. పైగా ఆత్రంకొద్దీ పట్టు మీద నోటితో ఊదుతాడు. ఊపిరి వెచ్చగా, నిండా ఆవిరితో ఉంటుంది. చల్లని రాతికి అంతకంటే మంచి తడి మరోటి దొరకదు.

గుడ్డ ఓడిపోయాక వీరుడు పెద్ద ఆయుధాలు తీస్తాడు. 1950ల్లో జాన్ గిల్ అనే అమెరికన్, జిమ్నాస్టులు చేతికి పూసుకునే చాక్‌ను, అంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని, కొండల మీదికి తెచ్చాడు. అది చేతి చెమట కోసం. దాన్ని తడిపట్టు మీద గుప్పెళ్ళతో చల్లితే పేస్టులా మారి, రేణువుల సందుల్లో అతుక్కుని, రాతికున్న గరుకునే పూడ్చేస్తుంది. ఆ పేస్టును గీకడానికి ఇనుప తీగల బ్రష్షు బయటికి వస్తుంది. అది పేస్టుతోపాటు రాతినీ కొంత తీసుకుపోతుంది. వీటన్నిటికీ తాత బ్లో టార్చ్. మంట తగలగానే పైపొర ఒక్కసారి వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి నీరు ఆవిరై దారి వెతుక్కుంటుంది, గట్టిగా ఉండాల్సిన పైపెంకు పొరలుగా లేచిపోతుంది. గ్రిట్‌స్టోన్ బలం చాలావరకు ఆ పెంకులోనే ఉంది. అది పోయాక బయటపడే లోపలి ఇసుక ఏటేటా రాలుతూనే ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఆట కోసం ఇంత ఖర్చు చేయడానికి ఆ రాయి ఆయన సొంతమా?

వీరుడి దగ్గర దీనికి జవాబులున్నాయి. గ్రిట్‌స్టోన్ గట్టి రాయి, తరాలుగా వేలమంది ఎక్కినా అక్కడే ఉంది కదా అంటాడు. నిజమే, నిండుగా చేతికి వచ్చే పెద్ద పట్టు చిన్న తడికి విరగదు. బౌల్డరింగ్‌లో మనిషి వేలాడేది మాత్రం చాలాసార్లు కొద్ది మిల్లీమీటర్ల అంచు మీద. ఆ అంచు 8 శాతం వైపు రాయో, 78 శాతం వైపు రాయో బయటినుంచి చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. విరిగితే అతికించే మార్గమూ లేదు. ఆరేదాకా ఆగితే ఏడాదికి నాలుగు రోజులే మిగులుతాయన్నది రెండో జవాబు. స్టానేజ్ మాత్రం ఆయన్ని సమర్థించదు. నైరుతి గాలికి ఎదురుగా నిలిచిన అంచు అది. అక్కడి రాయి గాలికే చాలావరకు త్వరగా ఆరుతుంది. చెట్లనీడలో పచ్చగా పాచి పట్టిన బండను వదిలి, గాలికి నిలబడ్డ బండ దగ్గరికి నడిచేవాడికి రోజులు దొరుకుతాయి. బండ మొదట్లో మట్టిలో వేలు గుచ్చి చూసి, పైపొర కిందా తడి తగిలితే ఇసుకరాయి లోపలా తడేనని అనుమానించి వెనక్కి తిరగడం వీరుడి రెండు గంటల పనికంటే మెరుగైన పరీక్ష. దానికి పట్టేది అర నిమిషం. అప్పటికీ చేతులు ఊరుకోకపోతే షెఫీల్డ్‌లోనే 1991లో తెరిచిన ఫౌండ్రీ మొదలుకొని పైకప్పున్న కృత్రిమ గోడలున్నాయి. అక్కడ తుడవడానికేమీ ఉండదన్నదొక్కటే ఆయనకు లోటు.

అలాగని తుండుగుడ్డ పారేయమనడం అన్యాయం. వీరుణ్ణి దగ్గర్నుంచి గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది. తలపైనున్న పట్టును ముప్పావుగంట ఆరబెట్టి, తడిగడ్డిలో నిలబడిన బూట్లతోనే మొదటి అడుగు రాతి మీద వేస్తాడు. రబ్బరుకూ రాతికీ మధ్య నీటి పొర చేరితే కాలు జారుతుంది, కాలు జారితే ఎంత పొడి పట్టయినా చేతిలోంచి పోతుంది. కింద పడ్డాక లేచి, పైకి చూసి, పట్టు ఇంకా తడిగానే ఉందని తీర్పు చెప్పి మళ్ళీ గుడ్డ తీస్తాడు. అడుగు రబ్బరు నీళ్ళు తాగదు, ఊట ఊరదు, తుడిస్తే పెచ్చులూ లేవవు. ఏ రాతి దగ్గరైనా, ఏ కాలంలోనైనా పూర్తిగా ఆరబెట్టగలిగినవి ఆ బూట్ల అడుగులే, పైగా సొంత డబ్బుతో కొనుక్కున్నవి. మెత్త మీద కూర్చుని రెండు బూట్ల అడుగులూ తుడుచుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ తర్వాత కూడా పైన పట్టు తడిగా ఉంటే, నిద్రపోతున్న మిత్రుణ్ణి లేపి ఇంటిదారి పట్టడమే మర్యాద.