తాళం స్విట్జర్లాండ్‌లో, చెవి నెట్ సెంటర్లో

సంక్రాంతికి సింగోటం జాతర చూసుకుందామని హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కొల్లాపూర్‌లో దిగే సాఫ్ట్‌వేర్ తమ్ముళ్లకు ఒక అలవాటుంది. వచ్చిన ప్రతిసారీ మనచేత ఏదో ఒకటి మార్పించి గానీ తిరిగి బస్సెక్కరు. ఒకప్పుడు ఫోన్ మార్చమన్నారు. తర్వాత బ్యాంకులో పైసలు తీసి ఫండ్లలో వేయమన్నారు. ఇప్పుడు మెయిల్ మార్చమంటున్నారు. "ఇంకా జీమెయిలేనా అన్నా?" అని అడిగే గొంతులో, ఇంకా కట్టెల పొయ్యేనా అన్నంత జాలి ఉంటుంది.

ఆ వెంటనే ఉపదేశం మొదలవుతుంది. గూగుల్ వాడు నీ గుట్టంతా చదువుతాడు. స్విట్జర్లాండ్‌లో ప్రోటాన్ అని ఒకటుంది, 2014లో జెనీవాలోని సెర్న్ శాస్త్రవేత్తలు పెట్టారు, నీ ఉత్తరం ఆ కంపెనీవాడు కూడా చదవలేడు. జర్మనీలోని హానోవర్‌లో టూటా అని ఇంకోటుంది, అది 2011 నుంచే ఉంది, ఉత్తరంతో పాటు సబ్జెక్టు లైనుకు కూడా తాళమేస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే స్వదేశీ జోహో ఉండనే ఉంది.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. 2004 ఏప్రిల్ 1న పుట్టిన జీమెయిల్ చాలా ఏళ్లపాటు మన ఉత్తరాలను యంత్రంతో జల్లెడ పట్టి, దాన్నిబట్టి ప్రకటనలు చూపించిన మాట నిజం. ఇక మీదట ప్రకటనల కోసం ఆ పని చేయబోమని 2017లో గూగుల్ స్వయంగా చెప్పుకున్నదీ నిజమే. తమ్ముళ్లు చెప్పేవన్నీ నిజాలే. మనకు అక్కరకొచ్చే నిజాన్ని మాత్రం జెనీవాలోనే మరిచిపోయి వస్తారు.

అదేమిటంటే, కొల్లాపూర్‌లో మెయిల్‌లో ఉత్తరాలు రాసుకునేవాళ్లే లేరు. పెళ్లి పిలుపు వాట్సాప్‌లో వస్తుంది, చావు కబురు ఫోన్లో వస్తుంది, తిట్లు ముఖం మీదే వస్తాయి. మెయిల్‌లోకి వచ్చేవి ఓటీపీలు, హాల్ టికెట్లు, రైలు టికెట్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, బీమా వాయిదా గడువు దగ్గరపడిందన్న హెచ్చరికలు. వీటిని పంపేవాడు మామూలుగానే పంపుతాడు, తన దగ్గర ఒక నకలు ఉంచుకునే పంపుతాడు. ఆ మొన నుంచి ఈ మొన దాకా తాళం పడాలంటే రెండు మొనలా అలాంటి పెట్టే ఉండాలి. మన బ్యాంకుకు అది లేదు. కనుక మనం ప్రోటాన్‌కు మారితే జరిగేది ఒకటే: ప్రెషర్ కుక్కర్ మీద నలభై శాతం తగ్గింపు అనే కబురు, లోకంలోకెల్లా పటిష్ఠమైన పెట్టెలోకి పోయి భద్రంగా పడుకుంటుంది.

మనమే పూనుకుని ప్రోటాన్ నుంచి జీమెయిల్ ఉన్న మేనమామకు ఉత్తరం రాస్తే? అక్కడికి విప్పుకునే చేరుతుంది. పాస్‌వర్డ్ కొడితేనే తెరుచుకునేలా పంపే ఏర్పాటు లేకపోలేదు. ఆ పాస్‌వర్డ్ మామకు ఫోన్ చేసి చెప్పాలి. "ఫోన్ చేసినవ్ గదరా, ఆ ముచ్చటేందో ఇప్పుడే చెప్పరాదు?" అంటాడు మామ. ఈ తర్కానికి జెనీవాలో కూడా జవాబు లేదు.

ఇక ఈ మెయిల్ ఐడీ అనేది మన ఊళ్లో ఎలా పుడుతుందో ఒకసారి చూడాలి. డిగ్రీలో చేరాలంటే దోస్త్‌లో పేరెక్కాలి, ఉద్యోగానికి టీజీపీఎస్సీలో ఓటీఆర్ చేయాలి. రెండింటికీ మెయిల్ కావాలి. ఇంటర్ పాసైన పిల్ల మెమో పట్టుకుని బస్టాండు దగ్గర ఏదో ఒక నెట్ సెంటర్‌లో నిలబడుతుంది.

"మెయిల్ ఐడీ ఉన్నదా అమ్మా?"

"లేదన్నా."

"ఫోన్ నంబర్ జెప్పు."

"ఫోన్ మా నాయిన తాన ఉన్నది. చేన్ల ఉన్నడు."

"సరే తియ్, ఇప్పటికైతే నాది కొడుత. పాస్‌వర్డ్ ఏం పెట్టాలె?"

"ఏదో ఒకటి పెట్టన్నా."

"నీ పేరు, వన్ టూ త్రీ. యాదుంచుకో. మర్చిపోయినా ఫికర్ లేదు, నా తాన రాసుంటది."

నిజంగానే రాసుంటుంది. కౌంటర్ మీద అట్ట ఊడిన లాంగ్ నోట్‌బుక్కు ఒకటుంటుంది. అందులో పేరు, మెయిల్, పాస్‌వర్డ్, ఆధార్ నంబరు వరుసగా, పూర్తిగా తెరిచిన లిపిలో ఉంటాయి. లైనులో వెనక నిలబడ్డవాడు మెడ కొంచెం సాచితే చాలు. ఇంకా తొందరలో ఉన్నరోజు కొత్త మెయిల్ తెరిచే పని కూడా పెట్టుకోరు, సెంటర్ వాళ్ల మెయిలే అందరికీ కొడతారు. అప్పుడు ఊళ్లో ఎంతోమంది నిరుద్యోగులు ఒకే మనిషిగా మారిపోతారు. ఎవరికి ఇంటర్వ్యూ వచ్చిందో వాళ్లకంటే ముందు సెంటర్ నడిపే అతనికే తెలుస్తుంది.

అతన్ని తప్పు పట్టడానికి లేదు. ఆఫీసులన్నీ కౌంటర్లు మూసి వెబ్‌సైట్లు తెరిచాక, జనానికీ సర్కారుకీ మధ్య మిగిలిన మనిషి అతనే. అర్ధరాత్రి సర్వర్ తెరుచుకుంటే అర్ధరాత్రే ఫారాలు నింపుతాడు. అతనికి గోప్యత నేర్పినవాళ్లు లేరు. నేర్పాల్సిన సర్కారు ఏం నేర్పిందో వినండి. సైబర్ కేఫ్‌ల కోసం 2011లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వచ్చినవాడి గుర్తింపు పత్రం చూడాలి, దాని నకలు ఉంచుకోవచ్చు, ఎవరు ఎప్పుడు కూర్చున్నారో రిజిస్టరు రాసి కనీసం ఏడాది దాచాలి. కంప్యూటర్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులకు మించకూడదు. అడ్డుగోడ లేకపోతే తెరలన్నీ పదిమందికీ కనబడేలా బయటికి తిరిగి ఉండాలి. పౌరుడి గోప్యత ఎంత ఎత్తుండాలో సర్కారు టేపు పెట్టి కొలిచింది. ఆ టేపు ముందు ఏ స్విస్ తాళమైనా ఏం పనిచేస్తుంది? తెర తాళం లోపల కాదు గదా ఉన్నది, బజారు వైపు ఉంది.

పౌరుణ్ని హెచ్చరించాలని సర్కారుకు ఒక్కసారి బుద్ధి పుట్టకపోలేదు. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వొద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, నెట్ సెంటర్లలో ఆధార్ డౌన్‌లోడ్ చేయొద్దు, చేస్తే కంప్యూటర్‌లో మిగిలిన కాపీ పూర్తిగా తీసేయండి. అక్షరలక్షలు చేసే మాటలు. మే 29కల్లా దాన్ని వెనక్కి తీసుకున్నారు. జనం అపార్థం చేసుకునే ప్రమాదముందట, మామూలు జాగ్రత్త పాటిస్తే చాలట. మన దేశంలో ఆధార్ జిరాక్సు నుంచి వచ్చిన స్వాతంత్ర్యానికి ఆయుష్షు రెండు రోజులు.

పైస్థాయిలో ఇంకా బాగుంటుంది. 2023 డిసెంబరు 28 నుంచి పది రోజులు తెలంగాణ అంతటా ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు, కోటికి పైగా వచ్చాయి. ఆధార్, రేషన్ కార్డు నకళ్లు జతచేసి మనమూ ఇచ్చాం. 2024 జనవరిలో హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద అట్టపెట్టెలోంచి జారిన కొన్ని దరఖాస్తులు రోడ్డంతా పరుచుకున్నాయి. అదే ఏడాది పోలీసుల హాక్ ఐ యాప్‌లోంచే జనం వివరాలు దొంగల చేతికి పోయాయి. ఈ రెంటిలో ఎక్కడా ఏ జీమెయిల్ తప్పూ లేదు.

న్యాయంగా చెప్పాలంటే, గోప్యతను నూటికి నూరుపాళ్లు కాపాడిన దాఖలా కూడా మన ప్రాంతంలో ఉంది. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్ల కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. కృష్ణ ఒడ్డున ఆ కాగితం పట్టుకుని ఇప్పటికీ ఎదురుచూస్తున్నవాళ్లున్నారు. వాళ్ల ఫైళ్లలో ఏముందో ప్రోటాన్ వాడికీ తెలియదు, గూగుల్ వాడికీ తెలియదు, ఆ ఫైలు ఉన్న బీరువా ముందు కూర్చునే అధికారికి అసలే తెలియదు. ఇంతకు మించిన ఎన్‌క్రిప్షన్ ఎవరికి సాధ్యం?

సరే, ఆ స్విస్ తాళం సంగతైనా చూద్దాం. 2021లో ఫ్రాన్స్‌లో ఒక పర్యావరణ ఉద్యమకారుడి కేసులో స్విస్ అధికారుల ఆదేశం రాగానే ప్రోటాన్ అతని ఐపీ చిరునామా నమోదు చేసి ఇచ్చింది. ఉత్తరాలు ఇవ్వలేదు, ఇవ్వడం దాని చేత కాదు కూడా. కానీ మనిషిని పట్టుకోవడానికి ఉత్తరాలు అక్కర్లేదు. ఆ తర్వాత, మామూలుగా ఐపీ వివరాలు ఉంచుకోబోమన్న తన ప్రకటనలోని మాటను మార్చుకుంది. కంపెనీని తిట్టి లాభం లేదు, ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టానికి తలవంచాల్సిందే. తలవంచనన్న మొనగాడు ఒకడున్నాడు. అమెరికా నిఘా గుట్టు బయటపెట్టిన స్నోడెన్ వాడిన మెయిల్ సేవ లావాబిట్, దాని యజమాని లాడార్ లెవిసన్. 2013లో తాళాలివ్వమని అక్కడి సర్కారు ఆదేశిస్తే, కంటికి ఆనని చీమతలకాయంత అక్షరాల్లో పదకొండు పేజీలు అచ్చుకొట్టి ఇచ్చాడు. చదవలేకపోతున్నామని వాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. మన బస్టాండు దగ్గరైతే పెద్దది చేసి ఇచ్చేవాళ్లు, పేజీకి ఇంకో రూపాయి పడేది. చివరికి లెవిసన్ దుకాణమే మూసేశాడు. అందులో మెయిల్ ఉన్నవాళ్లందరి పెట్టెలూ ఒక్క రోజులో మూతపడ్డాయి.

ఈ మూతపడే సంగతి మనకూ దూరం కాదు. 2024 ఫిబ్రవరిలో చెన్నై బడులకు బాంబు బెదిరింపులు వచ్చిన కేసులో ప్రోటాన్‌ను దేశంలో ఆపేయాలన్న ఆలోచన కేంద్రం దాకా పోయింది. 2025 ఏప్రిల్ 29న, ఒక సంస్థ ఉద్యోగుల మీద అసభ్యమైన మెయిళ్లు వచ్చాయన్న కేసులో, దాన్ని నిలిపేసే పని చేపట్టమని కర్ణాటక హైకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. రేపు గ్రూప్స్ పరీక్షనాడు ఆ ఆదేశం అమలైతే, మన పిల్ల హాల్ టికెట్ ఆల్ప్స్ పర్వతాల కింద క్షేమంగా ఉంటుంది. పిల్ల మాత్రం గేటు బయట ఉంటుంది.

స్వదేశీ భక్తులకు కూడా ఒక మాట. 2025 అక్టోబరులో కేంద్ర హోంమంత్రి జోహోకు మారారని తెలిసి చాలామంది మారారు. మంచిదే, అందులో ప్రకటనల గోల లేదు. అయితే పెట్టె మన దేశంలో చేసిందైనంత మాత్రాన దాన్ని తెరిపించే అధికారం లేకుండా పోదు. సాక్షాత్తూ హోంమంత్రి ఉన్న మెయిల్ కాబట్టి సర్కారు కంటపడకుండా దాచుకోవచ్చు అనుకునేవాళ్లకు నేను చెప్పగలిగేదేమీ లేదు.

ఇదంతా విని, "మనకేం దాపరికం ఉన్నదని గింత లొల్లి?" అనే పెద్దమనుషులు బయల్దేరతారు. వీళ్లు తమ్ముళ్లకంటే ప్రమాదం. ఇలా అనే పెద్దమనిషినే, మామిడి తోట ఈసారి గుత్తకు ఎంతకిచ్చావని అడిగి చూడండి. తోడబుట్టినవాడికి కూడా చెప్పడు. మండీలో బేరం తువ్వాల కింద వేళ్లతో జరిపిన జాతి మనది. అల్లుడికి ఎంత పెట్టిందీ, ఆడపడుచుకు ఎంత ఎగ్గొట్టిందీ ప్రాణం పోయినా బయటపెట్టం. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్క గొంతుతో చెప్పారు. కొల్లాపూర్ రైతుకు ఆ సంగతి అంతకు ముందే తెలుసు. అతనికి తెలియంది ఒక్కటే, ఆ గుట్టు ఇప్పుడు తువ్వాల కింద లేదని, నెట్ సెంటర్ నోట్‌బుక్కులో ఉందని.

తాళమేసిన మెయిల్ నిజంగా కావాల్సినవాళ్లు ఉన్నారు. అధికారి లంచం మీద ఫిర్యాదు రాసేవాళ్లు, విలేకరులు, వకీళ్లు, కొట్టే మొగుడి కంటపడకుండా సాయం అడిగే ఆడవాళ్లు. వాళ్లు తప్పకుండా ప్రోటానో టూటానో వాడాలి, సొంత ఫోన్లో వాడాలి. మిగతావాళ్లకు, ఏ మెయిల్ మంచిదని అడిగితే, దేని పాస్‌వర్డ్ మీరు స్వయంగా కొట్టారో అదే మంచిది. రికవరీ నంబరు మీదై ఉండాలి. రెండంచెల తనిఖీ పెట్టుకోవాలి. ఎక్కడెక్కడి కంప్యూటర్లలో మీ మెయిల్ ఇంకా తెరిచే ఉందో సెట్టింగుల్లో చూసి, అన్నింటినీ మూసేయాలి. ఎందుకంటే ఆ పెట్టెలో ఉత్తరాలు లేకపోయినా, బ్యాంకు మొదలు ఓటీఆర్ దాకా ప్రతి పాస్‌వర్డ్ మార్చే దారి అందులోంచే పోతుంది. జిరాక్స్ ఇవ్వాల్సివస్తే ఏ పనికి, ఏ తేదీన ఇచ్చారో దాని మీద అడ్డంగా రాయాలి. ఇందులో దేనికీ ఒక్క యూరో ఖర్చు లేదు, అందుకే ఎవరూ దీని గురించి ప్రకటన వేయరు.

చట్టం కాపాడుతుందిలే అనుకుంటే, అదీ వచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు, నిబంధనలు 2025 నవంబరులో ఇచ్చారు. పని అయిపోయాక మన సమాచారం చెరిపేయాలని అందులో ఉంది. చెరిపే బాధ్యత నుంచి సర్కారుకు మినహాయింపు కూడా అందులోనే ఉంది. పైగా అది డిజిటల్ సమాచారానికే, కాగితం మీదున్నది కాగితం మీదే ఉన్నంతకాలం దాని కంటికి ఆనదు. కనుక అడగాల్సింది తాళాల కంపెనీని కాదు, కాగితం అడిగినవాణ్ని. తహసీల్ ఆఫీసు, బ్యాంకు, కాలేజీ, సిమ్ కార్డు దుకాణం, ఎక్కడ జిరాక్స్ అడిగితే అక్కడ గోడ మీద రాసి ఉండాలి: ఈ కాగితం ఎందుకు తీసుకుంటున్నాం, ఎన్నాళ్లు ఉంచుతాం, ఎప్పుడు చించేస్తాం. లంచం అడిగితే ఫోన్ చేయమనే బోర్డు పక్కన ఇంకో బోర్డుకు జాగా లేకపోదు. ఆ బోర్డు పడేదాకా, మెయిల్ ఏ దేశానిదైనా సరే, మన గుట్టు రేటు జిరాక్స్ రేటే: పేజీకి రెండు రూపాయలు, రెండువైపులా అయితే మూడు.