నవలలకు సంబంధాలు చూసే పెద్దమనిషి

విశాఖపట్నం కంచరపాలెంలో నవలా సంధాత అనదగిన ఒక తరహా పాఠకుడు ఉంటాడు. పోర్టులోనో రైల్వేలోనో లెక్కలు రాసి పదవీ విరమణ చేసి, ఉదయాన్నే సంచీ పట్టుకుని రైతుబజారుకు బయలుదేరి, ఊర్వశి జంక్షన్ దగ్గర ఎదురైన పరిచయస్థుడికి వంకాయల ధర చెప్పబోయి బుచ్చిబాబు గురించి చెప్పడం ఇతని ప్రధాన లక్షణం. పెళ్ళిళ్ళ పేరయ్య గోత్రాలు కలిపినట్టు ఇతడు నవలలను కలుపుతాడు. కాకపోతే పేరయ్యకు ఇరువైపులవారూ తెలిసి ఉండాలి, ఇతనికి ఆ నియమం లేదు.

ఇతని మొదటి ఆయుధం చైతన్య స్రవంతి, అనగా పాత్ర మనసులో వరస తప్పి సాగే ఆలోచనలను ఆ వరస తప్పినట్టే కాగితం మీద పెట్టే పద్ధతి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’, 1969 నాటి ‘అంపశయ్య’ ఈ పద్ధతి వల్ల ఏదో ఒక మేరకు చుట్టాలేనని విమర్శకులు ఎన్నడో అన్నారు గాని, ఇతనికి అంతటితో తృప్తి లేదు. బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు గనుక, అల్పజీవి నాయకుడు సుబ్బయ్య గనుక, ఆ నవల నిజానికి రావిశాస్త్రి బుచ్చిబాబుకు రాసిన ఉత్తరమని తేలుస్తాడు. అంపశయ్య నాయకుడు రవి కావడం రావిశాస్త్రికి దక్కిన గౌరవమంటాడు. ‘రావి’ అన్నది రాచకొండ విశ్వనాథ అన్నదానికి పొట్టిరూపమనీ, అందులో దీర్ఘం ఉందనీ ఎవరైనా గుర్తుచేస్తే, దీర్ఘాలు కంపోజింగులో రాలిపోతుంటాయని సర్దిచెబుతాడు.

కర్తృత్వం, అంటే రాసిందెవరన్న విచారం, వచ్చినప్పుడు ఇతని దారి మరీ విచిత్రం. దొంగరి మల్లయ్య నవీన్ అనే కలంపేరు పెట్టుకుంటే, ఆయన రాసిన నవలే ఆయనకు ఇంటిపేరై ‘అంపశయ్య నవీన్’ను చేసింది. బీనాదేవి అన్నది నరసింగరావు, త్రిపురసుందరి దంపతుల ఉమ్మడి పేరు. భర్త పోయాక కూడా భార్య అదే పేరుతో రాశారు. పేరు ఎవరిది, గొంతు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడ నిజంగానే ఉంది, ఒక గ్రంథానికి చాలినంత ఉంది. ఇతడు మాత్రం రచయితలు ఇద్దరు గనుక పోలికలు రెట్టింపు దొరుకుతాయని లెక్కగట్టి ముందుకు సాగిపోతాడు.

వేర్వేరు వయసుల నాలుగు ప్రేమకథలు చివరికి ఒకే మనిషి జీవితమని తేల్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చిత్రం 2018లో విడుదలైంది. స్థానికులే చాలామంది నటించిన ఆ చిత్రాన్ని ఇతడు నెత్తిన పెట్టుకుంటాడనే ఎవరైనా అనుకుంటారు. కాని సంబంధం సినిమావాళ్ళే బయటపెట్టేశారని, ప్రేక్షకుడికి పని మిగల్చలేదని ఇతనికి అలక. అందుకే రావిశాస్త్రి పూర్తిచేయకుండా వదిలిన ‘రాజు-మహిషి’ అంటే ప్రాణం. ముగింపు లేని నవలకు ఏ నవలనైనా తగిలించవచ్చు.

గ్రంథాలయ పుస్తకాల మీద ఇతని పెన్సిలు గుర్తులు కోకొల్లలు. అల్పజీవిని తెచ్చుకున్న కాలేజీ కుర్రవాడికి అంచున ‘చూ. అంపశయ్య’ అని కనిపిస్తుంది. ఆ కుర్రవాడు శ్రమపడి అంపశయ్యను సంపాదించి తెరిస్తే, అక్కడ అదే చేతిరాతలో ‘చూ. అల్పజీవి’ అని ఉంటుంది.