కొని చెడేవారికి కొన్ని చిట్కాలు

పాత ఇంగ్లీషు కారు కొనాలని బుద్ధి పుడితే, మొట్టమొదట చెయ్యకూడని పని క్లబ్బులో చేరడం. ముందే చేరారంటే మిమ్మల్ని కొననివ్వరు. ఎవరో ఒక రిటైరైన పెద్దాయన జేబులో అయస్కాంతం ముక్క వేసుకుని మీ వెంట బయల్దేరతాడు. మీరు ముచ్చటపడ్డ కారు పక్కన మోకాళ్ల మీద కూచుని, తలుపు కింద రేకు పొడుగునా ఆ ముక్కని అంటిస్తూ పోతాడు. అంటుకున్నచోట ఇనుము, జారిపడ్డచోట లప్పం. అంతటితో ఊరుకోడు. ఒక పక్క జాకీ పెట్టి లేపి, తలుపు తెరిచి చూస్తాడు. ఎమ్‌జీబీ లాంటి కారుకి విడిగా చట్రం ఉండదు. తలుపు కింద ఉండే ఆ పెట్టెలాంటి రేకులే దాని వెన్నెముక. అవి కుళ్లితే బండి నడుం దగ్గర వంగి తలుపు బిగుసుకుపోతుంది. ఇదంతా చూశాక ఆయన లేచి, పాంటు దులుపుకుని, "రంగు బాగుంది" అంటాడు. ఇంగ్లీషువాడి మర్యాదలో ఆ మాటకి "పారిపో" అని అర్థం.

కాబట్టి ముందు కారు, ఆ తర్వాత క్లబ్బు. పెళ్లయ్యాక జాతకాలు చూపించుకున్నట్టు. కారు చూసే వేళ కూడా ముఖ్యమే. నవంబరు సాయంత్రం, సన్నగా జల్లు పడుతూ, వీధి దీపాలు అప్పుడే వెలిగిన సమయం శ్రేష్ఠం. తడిసిన రంగు మీద ఉబ్బులు, అతుకులు ఏవీ కనపడవు. ఎంత తుప్పు కారైనా పెళ్లికూతురిలా మెరుస్తుంది. బర్మింగ్‌హామ్‌లో సరిగ్గా అలాంటి సాయంత్రమే నేను కొన్నాను. 1966 నాటి ఎమ్‌జీబీ. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఎర్ర రంగు, తీగల చక్రాలు. మర్నాడు ఎండ కాసింది. పైన పటారం, లోన లొటారం.

ఇదెందుకురా నీకు అని మా ఇంటావిడ కంటే ముందు తెనాలి నుంచి మా పెదనాన్న అడిగాడు. ఆయన పాతికేళ్లు అంబాసిడర్ తోలినవాడు. "ఇది మన అంబాసిడర్‌కి చుట్టమే పెదనాన్నా" అన్నాను. అబద్ధమేం కాదు. ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసే బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా వచ్చి అంబాసిడర్ అయింది. దానిలో 1489 సీసీ బీ సిరీస్ ఇంజను. నా కారులో అదే ఇంజనుని 1798 సీసీకి పెంచారు. అంటే వరసకి అన్నదమ్ముల పిల్లలు. పెదనాన్న అంతా విని, "సరే, మరి తోసేదెవరు?" అన్నాడు.

ఈ చుట్టరికం గురించి క్లబ్బులో మొదటిరోజే చెప్పుకోండి. ఈ ఇంజను నాకు చిన్నప్పటినుంచీ తెలుసు అని గొప్పగా అనండి. నేనన్నాను. నాకు తెలిసిందల్లా వెనకనుంచి తొయ్యడం, కాలవ పక్కన ఆగినప్పుడు రేడియేటర్లో నీళ్లు పొయ్యడం. వాళ్లు నా చేతికి పానా ఇచ్చి బానెట్ ఎత్తారు.

పానాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, సూపర్‌మార్కెట్లో దొరికే మిల్లీమీటర్ల సెట్టు కొనెయ్యండి. కారు అంగుళాల్లో పుట్టిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. అర అంగుళం బోల్టుకి 13 మిల్లీమీటర్ల పానా దాదాపుగా సరిపోతుంది. అర అంగుళమంటే 12.7, తేడా మూడు చుక్కలే కదా. ఆ మూడు చుక్కల్లోనే జీవితమంతా ఉంది. మొదటిసారి తిప్పితే బోల్టు ఊడుతుంది. రెండోసారి తిప్పితే మూలలు అరుగుతాయి. మూడోసారికి బోల్టు తల గుండ్రంగా, నున్నగా, గోలీకాయలా తయారవుతుంది. తర్వాత దాన్ని ఏ పానా పట్టుకోదు. అప్పుడు ఉలి, సుత్తి, ఆ తర్వాత వెల్డింగ్ చేసే మనిషి, ఆ తర్వాత బ్యాంకు.

కరెంటు పని మాత్రం ఎవరినీ అడక్కుండా సొంతంగా చేసుకోవాలి. 1967 దాకా వచ్చిన ఎమ్‌జీబీల్లో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి కార్లకి సరిగ్గా తిరగేసి. పైగా ఒక్క పన్నెండు వోల్టుల బ్యాటరీ కాదు, ఆరేసి వోల్టులవి రెండు, సీట్ల వెనక నేలలో గుంటలు చేసి దాచారు. ఇవేవీ చదవకుండా నేను ఘంటసాల పాటలు వింటూ కోట్స్‌వోల్డ్ కొండల్లో తిరగాలని కొత్త రేడియో తెచ్చి బిగించాను. తీగలు రంగుల ప్రకారమే కలిపాను. మీట నొక్కగానే పాటకి బదులు పొగ వచ్చింది. ఈ కార్ల కరెంటు సామాను చేసిన లూకస్ కంపెనీ మా బర్మింగ్‌హామ్‌దే. అభిమానులు ఆ కంపెనీకి చీకటి రాజు అని ముద్దుపేరు పెట్టుకున్నారు. తీగల్లో ఉండేది కరెంటు కాదు, పొగేననీ, అది బయటికొచ్చేస్తే ఇక తీగ పనిచెయ్యదనీ వాళ్ల పాత హాస్యం. నా విషయంలో పొగ నేనే పోగొట్టుకున్నాను, లూకస్‌ని అనడానికి లేదు.

ఇక కార్బొరేటర్లు. బండికి ఏ రోగమొచ్చినా ముందు వాటినే కెలకాలి. ప్లగ్గులు, పాయింట్లు చూసుకోమని, పది కార్బొరేటరు జబ్బుల్లో తొమ్మిది కరెంటు జబ్బులేననీ పెద్దాయన అంటూనే ఉంటాడు. ఆయన మాట వింటే ఆదివారం పదింటికల్లా పని అయిపోయి, మిగతా రోజంతా ఇంట్లో ఉండాల్సొస్తుంది. ఎస్‌యూ కార్బొరేటర్లు జంటగా ఉంటాయి. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. కనిపెట్టిన స్కిన్నర్లది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోడానికి ఒక రబ్బరు గొట్టం తీసుకుని, ఒక కొస చెవిలో, రెండోది కార్బొరేటరు మూతి దగ్గర పెట్టి బుస వినాలి. ఒకదాని బుస విని, రెండోదాని బుస విని, రెండూ ఒక్కలాగే వినిపించేదాకా మరలు తిప్పాలి. వీణ శ్రుతి చేసేవాళ్లకి కూడా ఇంత తాదాత్మ్యం ఉండదు. నేను రెండు నెలలు శ్రుతి చేశాక పెద్దాయన వచ్చి పాయింట్లు మార్చాడు. బండి కదిలింది.

పెట్రోలు చవకైనదే కొట్టించండి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్ బంకుల్లో మామూలు పెట్రోలంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపిన ఈ10. అది పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబరుస్తుంది, లేదా చిట్లిస్తుంది. ఖరీదైన ఈ5 పోస్తే ఆ అనుభవం మీకు దక్కదు.

క్లబ్బు అన్నాను కదా. చివరికి చేరక తప్పదు. ఎమ్‌జీ వాళ్లకి పెద్దవి రెండున్నాయి. ఒకటి 1930లో పుట్టిన ఎమ్‌జీ కార్ క్లబ్, రెండోది 1973లో మొదలైన ఎమ్‌జీ ఓనర్స్ క్లబ్. మొదటిది ఫ్యాక్టరీ ఉన్న అబింగ్‌డన్‌లోనే ఉంది. ఫ్యాక్టరీ మాత్రం 1980 అక్టోబరులో మూతపడింది. ఎమ్‌జీ అంటే మోరిస్ గరాజెస్. విలియం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ షెడ్డుకి మేనేజరుగా ఉన్న సెసిల్ కింబర్ అనే ఆయన మామూలు మోరిస్ కార్లకి హంగులు చేర్చి స్పోర్ట్స్ కార్లుగా మార్చి అమ్మడంతో మొదలైంది కథ. జీవితమంతా వేగంగా పోయే కార్లు చేసిన కింబర్ 1945లో లండన్ కింగ్స్ క్రాస్ దగ్గర రైలు ప్రమాదంలో పోయాడు. మా క్లబ్బులో ఈ సంగతి ఎవరు ఎత్తినా ఒక్క నిమిషం మౌనంగా బీరు తాగుతారు.

అక్కడ నోరు జారడానికి మంచి అవకాశాలున్నాయి. 1966 కారుని వింటేజ్ అనండి. వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్బు లెక్కన 1930 తర్వాత పుట్టింది ఏదీ వింటేజ్ కాదు. మాదంతా వట్టి క్లాసిక్. వింటేజ్ అన్న మరుక్షణం ముప్పావుగంట ఉపన్యాసం మొదలవుతుంది. యాభై ఏళ్లు దాటితే చాలు ఇండియా ప్రభుత్వం వింటేజ్ అనే రిజిస్టరు చేస్తుందని, వీఏ అక్షరాలున్న నంబరు కూడా ఇస్తుందని నేను అడ్డుపుల్ల వేశాను. దాంతో అది గంటంపావు అయింది.

కానీ ఒక విషయంలో నాదే పైచెయ్యి. ఒకసారి చక్రం దిగిపోతే "స్టెప్నీ డిక్కీలో ఉంది" అన్నాను. అందరూ తెల్లమొహాలు వేశారు. స్టెప్నీ అనే మాట వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో, స్టెప్నీ వీధిలో పుట్టింది. 1904లో అక్కడివాళ్లు అదనపు చక్రం తయారుచేసి ఆ పేరుతో అమ్మారు. డిక్కీ అంటే పాత రెండు సీట్ల బళ్లలో వెనక మడత విప్పే సీటు. రెండు మాటల్నీ ఇంగ్లీషువాళ్లు ఎప్పుడో పారేసుకున్నారు. తెనాలి టాక్సీ స్టాండు వాళ్లు మాత్రం భద్రంగా దాచారు. పెద్దాయన ఆ రెండు మాటలూ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను కాస్త మనిషిలా చూస్తున్నాడు.

డబ్బు దగ్గర జాగ్రత్త పడకండి. పన్ను లేదు కదా అని ఇంట్లో చెప్పండి. నిజమే, నలభై ఏళ్లు దాటిన బండికి ఇక్కడ రోడ్డు పన్ను కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చెయ్యకపోతే ఏటేటా జరిగే ఎమ్‌వోటీ పరీక్షకీ వెళ్లక్కర్లేదు. పరీక్ష లేదు కాబట్టి బ్రేకులు కూడా అక్కర్లేదనే అర్థం తీసుకోండి. బండి నడవడానికి యోగ్యంగా ఉంచే బాధ్యత ఓనరుదేనని చట్టంలో ఉందని క్లబ్బువాళ్లు గుర్తుచేస్తారు. క్లబ్బు ద్వారా ఇన్సూరెన్సు కూడా చవక. విలువ ముందే ఒప్పుకుని రాస్తారు, ఏడాదికి ఇన్ని మైళ్లేనని షరతు పెడతారు. ఆ షరతుకి భయపడక్కర్లేదు. రెండేళ్లలో నేను అందులో పావువంతు కూడా తిరగలేదు. సొంతంగా తిరిగినవి మాత్రమే లెక్క. లారీ మీద తిరిగినవి వేరే.

బిల్లుల సంగతి కొంచెం సున్నితం. అమ్మేటప్పుడు బిల్లుల ఫైలు ఎంత లావుంటే కారుకి అంత విలువ. ఇంట్లో అదే ఫైలు ఎంత లావుంటే మీకు అంత తక్కువ. అందుకని నేను దాన్ని పాత వంటల పుస్తకాల వెనక దాచాను. వంటింట్లో. అంతకన్నా తెలివితక్కువ చోటు దొరకలేదు. మా ఇంటావిడ ఆవకాయ కొలతల కోసం వెతుకుతూ తీసి చూసింది. "ఏవండీ, ఈ కారు మనం ఎన్నిసార్లు కొన్నాం?" అంది. లెక్క వేస్తే మూడోసారి జరుగుతోంది.

ఒక్క కారుతో ఆగితే దాన్ని సేకరణ అనరు. రెండోది కొనాలి. మొదటిదాన్ని బాగుచేసేదాకా అసలు ఆగకూడదు. నేను మోరిస్ మైనర్ ట్రావెలర్ తెచ్చాను. మైనర్ చరిత్ర ఎంతో సొంపైనది. 1948లో వచ్చింది. ఇసిగోనిస్ అనే ఇంజనీరు రూపమిచ్చాడు. తీరా అంతా తయారయ్యాక ఇరుగ్గా ఉందనిపించి నమూనా కారుని నిలువునా రెండుగా కోయించి, మధ్యలో నాలుగంగుళాలు చేర్పించాడు. బానెట్ మధ్యలో కనిపించే ఉబ్బెత్తు పట్టీ ఆ నాలుగంగుళాలే. ట్రావెలర్ అంటే దాని వెనక భాగానికి కర్రచట్రం. అలంకారం కాదు, బండి వెనక సగం నిలబడేదే ఆ యాష్ కర్ర మీద. కుళ్లితే మెకానిక్ సరిపోడు, వడ్రంగి కావాలి. నా దాంట్లో కిటికీ కింద పట్టీ మీద పచ్చగా నాచు, మూలన చిన్న పుట్టగొడుగు. కుళ్లిన కర్రకి కొత్త కర్ర, కొత్త కర్రకి వార్నిషు, వార్నిషు ఆరడానికి ఎండ. ఆ చివరిది బర్మింగ్‌హామ్‌లో ఏ క్లబ్బూ అమ్మదు.

శీతాకాలం ఇద్దర్నీ ప్లాస్టిక్ పట్టాలో గాలి ఆడకుండా బిగించి కట్టండి. లోపల చెమ్మ చేరి, బయట వానలో ఉన్నదానికంటే చక్కగా తుప్పు పడుతుంది. మార్చిలో విప్పినప్పుడు వచ్చే వాసన తెనాలి కాలవ గట్టుని గుర్తుచేస్తుంది.

ప్రతి నెలా మొదటి బుధవారం ఊరి చివర పబ్బు ముందు కలుస్తాం. తొమ్మిది మంది వస్తాం, ఆరు కార్లు వస్తాయి, నాలుగు సొంతంగా తిరిగి వెళ్తాయి. ఎవరి బానెట్ లేస్తే దాని చుట్టూ అందరం చేరతాం. చేతుల్లో టీ చల్లారిపోతుంది. ఎవరూ ఎవరి ఉద్యోగం అడగరు, ఏ దేశమని అడగరు, ఏ సంవత్సరం కారని అడుగుతారు. పెట్రోలు పంపు టిక్కుటిక్కుమనడం మానేస్తే ఎవరో ఒకరు వెనక చక్రం పక్కన కూచుని చిన్న సుత్తితో తడతారు. మళ్లీ టిక్కుటిక్కుమంటుంది. పెదనాన్న అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్పగలను. తొయ్యడానికి ఎనిమిది మంది ఉన్నారు.

కిందటి బుధవారం ఆ గుంపులో ఎవరో నా అర అంగుళం పానా పొరపాటున తీసుకెళ్లారు, బదులుగా 13 మిల్లీమీటర్లది వదిలేశారు. ఇది చదివే తెలుగువాళ్లెవరైనా ఆ రోజు అక్కడుంటే, దయచేసి వచ్చే బుధవారం పట్టుకు రండి. ట్రావెలర్ వెనక చక్రం విప్పి ఉంచాను.