కంది నేలలో కారు

జీపును బురదలో దింపడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. ఆ బురద తలుపుల మీద నాలుగు రోజులు నిలిచేలా చూసుకోవడమే విద్య. తాండూరు వైపు బండ్లబాటల్లో ఆదివారం తిప్పి తెచ్చిన బండిని సోమవారం పొద్దున్నే కడిగేస్తే ఇక లోకానికి తెలిసేదెలా? అందుకే సెల్లార్‌లో నా పార్కింగు స్థలం మార్పించుకుని మరీ లిఫ్టుకు ఎదురుగా నిలుపుతాను. ఎవరైనా "ఎక్కడికెళ్ళొచ్చారు సార్?" అంటే "ఆఁ... ఏదో అలా" అని నసుగుతాను. ఆ నసుగుడు అద్దం ముందు సాధన చేసింది.

2005లో బ్రిటన్‌లో ఒకాయన ఊరు దాటని జీపుల మీద చల్లుకోవడానికి సీసాల్లో బురద నింపి అమ్మాడట. ఆ సంగతి చెప్పగానే మా ఆవిడ "ఆ జీపుల వాళ్ళే తెలివైనవాళ్ళు. డీజిల్ మిగిలింది" అంది.

తాండూరుది నల్లరేగడి. అక్కడి కందులకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అత్తగారిది ఆ పక్క ఊరే. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఆ రేగట్ల కంది ఏస్తరు గని కార్లేస్తరా, అల్లుడా?" అన్నది. ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను.

రేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే బిగిసి రాయవుతుంది. మొన్న తిరిగొస్తుంటే, మంచి రోడ్డెక్కి ఎనభై దాటగానే స్టీరింగ్ గడగడ వణికింది. అలైన్‌మెంట్, సస్పెన్షన్, బుష్‌లు అంటూ మా ఆవిడకు చేవెళ్ళ దాకా ఉపన్యాసం దంచాను. అక్కడ మెకానిక్ కుర్రాడు నా రోగనిర్ధారణ సగం విని, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి, కొబ్బరికాయంత గడ్డ పీకి నా ముందు పెట్టాడు. రిమ్ము లోపల ఒకవైపే మట్టి పేరుకుంటే చక్రం తూకం తప్పుతుందట, అంతే. డబ్బులిస్తే వద్దన్నాడు. ఆ జాలి చూపు మాత్రం మా ఆవిడ కంట పడింది.

ఆ సాయంత్రమే ఉత్తర్వులు వెలువడ్డాయి: కడగాల్సిందే. నాకూ తెలుసు, తలుపుల మీది బురదతో పోయేది పరువే. కింద ఛాసిస్ సందుల్లో ఇరుక్కున్న మట్టి మాత్రం చెమ్మ పట్టి ఉంచి, ఇనుముకు మెల్లగా తుప్పు పట్టిస్తుంది. రేడియేటర్ రెక్కల్లో దూరితే ఇంజన్ వేడెక్కుతుంది. ఇదంతా తెలిసినవాడిగా నేనొక మధ్యే మార్గం కనిపెట్టాను. తలుపులకు ప్లాస్టిక్ పట్టా కప్పి, కింద మాత్రం కడగడం.

వెల్లకిలా పడుకుని పైపుతో నీళ్ళు కొడితే మట్టి నానింది గానీ ఊడలేదు. వంటింట్లోంచి అట్లకాడ పట్టుకొచ్చి ఛాసిస్ రంధ్రంలో తిప్పాను. నానిన రేగడి, రెండు గడ్డిపరకలతో సహా, సూటిగా నా నోట్లో పడింది. అందులో కంది బాగా పండుతుందంటే ఇప్పుడు నమ్ముతాను, సత్తువ ఉంది. మిగిలిందంతా సెల్లార్ మోరీలోకి పోయి, అక్కడ మళ్ళీ ఉబ్బి, అపార్టుమెంటు గ్రూపులో నా ఫ్లాట్ నంబరును ప్రసిద్ధం చేసింది. అట్లకాడ కడిగి యథాస్థానంలో పెట్టాను. మర్నాడు అట్టు కరకరలాడుతుంటే "రవ్వ ఎక్కువైనట్టుంది" అని మా ఆవిడే సందేహపడింది. నేను తల ఊపాను.

మర్నాడు కిందికి దిగేసరికి తలుపులు తళతళలాడుతున్నాయి. దసరా దగ్గరపడిందని వాచ్‌మన్ పట్టా తీసేసి, ఎండిన బురదను నీళ్ళైనా చల్లకుండా గోనెగుడ్డతో తుడిచేశాడు. మట్టిలోని ఇసుక పెయింటు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి సన్నని గీతలు గీసింది. ఎవరైనా అడిగితే తుమ్మకంపలు గీరుకున్నాయని చెబుతున్నాను. వాచ్‌మన్ పక్కనే నిలబడి అవునంటాడు. ఆ సాక్ష్యానికి దసరా మామూలు వేరే ముట్టింది.